కొత్త గడియారానికి పాత వన్నె

కొత్త వస్తువును బుద్ధిపూర్వకంగా పాతబరచడం ఈ కాలపు వింత కాదు. 1496 ప్రాంతంలో యువకుడైన మైకెలాంజిలో చెక్కిన నిద్రిస్తున్న క్యుపిడ్ శిల్పానికి మట్టిలో పూడి బయటపడిన వన్నె తెప్పించి, ప్రాచీన రోమనుల నాటిదని ఒక కార్డినల్‌కు అంటగట్టారు. మన దేశంలోనూ తర్వాతి కాలంలో రాగిరేకులు చెక్కించి, పూర్వరాజుల పేరు పెట్టి, భూముల మీద హక్కు చెప్పుకున్నవారున్నారు. ఫ్లీట్ వంటి పండితులు ఆ కూటశాసనాలను ఏరి పక్కన పెట్టారు. రేకు మీది చిలుమును చూసి కాదు, అక్షరాల పోకడ చూసి! చెప్పుకున్న తేదీ ఒక శతాబ్దిది, లిపి మరొక శతాబ్దిది అయితే దొంగ దొరికినట్టే. ముఖలింగం శాసనాల కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పాత లిపులను స్వయంకృషితో నేర్చుకున్నది మన శ్రీకాకుళం సీమ చరిత్రలో చిన్న విషయం కాదు.

ఇప్పుడా విద్య చేతి గడియారాలకు పాకింది. 2017 అక్టోబరులో న్యూయార్కు వేలంలో నటుడు పాల్ న్యూమన్ ధరించిన రోలెక్స్ డేటోనా కోటీ డెబ్భై ఏడు లక్షల డాలర్లకు పైగా పలికింది. ఎండకు నలుపు వెలిసి గోధుమరంగుకు తిరిగిన డయళ్ళకు కొత్తవాటి కంటె ఎక్కువ వెల. అందుచేత కొందరు కొత్త డయలును ఓవెనులో కాలుస్తున్నారు, తేయాకు కషాయంతో ముళ్ళకు పసుపుచాయ తెస్తున్నారు, అంకెలున్న అల్యూమినియం వలయాన్ని బ్లీచింగు ద్రావణంలో నానబెట్టి వెలిసిపోజేస్తున్నారు. కంచు గడియారాన్నయితే ఉడికించిన గుడ్డుతో పాటు డబ్బాలో మూసి ఉంచుతారు. గుడ్డు నుంచి వెలువడే గంధకపు వాయువు రాగిని నల్లబరుస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు బుడితి గుర్తుకు వచ్చి నవ్వొచ్చింది. సారవకోట మండలంలోని ఆ ఊరి ఇత్తడి, కంచు పాత్రలు ప్రసిద్ధం. వాటిని కొన్న మన ఇల్లాళ్ళు తరతరాలుగా చింతపండు పెట్టి తోముతున్నది ఆ నలుపు వదిలించడానికే. అక్కడ గుడ్డు, ఇక్కడ చింతపండు!

పాతవి మాత్రం మనకు బరువు. విజయనగరంలో 1885 నాటి గంటస్తంభం రంగులు మార్చుకుంటూ నిలిచింది గాని, మూడు లాంతర్ల కట్టడాన్ని 2020లో కూల్చేశారు. ఏ కషాయం పోస్తే అది తిరిగి వస్తుంది?

మన మధ్యతరగతి గడియారం హెచ్.ఎం.టి. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో మొదలైంది. పెళ్ళిలో అల్లుడికి సైకిలు, రేడియోతో పాటు అదీ ఇచ్చేవారు. ఆ గడియారాల సంస్థ మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపిన తరువాత జనతా, పైలట్‌ల మీద మోజు పెరిగింది. మోజుతో పాటే పాత యంత్రం మీద కొత్తగా అచ్చొత్తిన డయలు బిగించి ‘అసలు పాతది’ అని అమ్మే వ్యాపారమూ పెరిగింది. తన గడియారాన్ని తన సరదాకు నల్లబరచుకునేవారితో నాకు పేచీ లేదు. వయసును అబద్ధమాడి డబ్బు తీసుకోవడం వేరు. ఇంకొక మాట: చీకట్లో మెరిసే చాలా పాత డయళ్ళ మీది పూత రేడియం. మెరుపు చచ్చినా దాని అణుధార్మికత చావదు, అర్ధాయువు సుమారు 1600 ఏళ్ళు. సరదాకి గీకరాదు.

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయనను నకిలీని ఎలా పోలుస్తారని అడిగాను. “సమంగా అరిగితే దొంగది బాబూ” అన్నారు. రోజూ కీ ఇచ్చిన గడియారంలో కీ పళ్ళు బొటనవేలి వైపే నునుపు దేరతాయట. వెనక మూత చెమటకు తినేసి ఉంటుంది, చొక్కా చేయి రాసుకునే అంచు మెరుస్తుంది. చేత్తో చేసిన గీతలు మాత్రం అన్ని వైపులా ఒకే లోతున ఉంటాయి.

అప్పుడే మా నాన్నగారి జనతాను ఆయన చేతిలో పెట్టాను. కళింగపట్నం ఉప్పుగాలికి డయలు మీద ఏడంకె దగ్గర గోధుమరంగు మచ్చ పడింది. కొత్త డయలు వేయించమని ఇంట్లో పోరు. ఆయన మూత తీసి, పాత జిడ్డు కడిగి, నూనె వేసి, డయలును ముట్టుకోకుండా తిరిగి ఇచ్చారు. ఇప్పుడు రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతోంది.