కరకట్ట మీద నిలబడిందెవరు? - ఒక రాక్ పాట చరిత్ర

యూనివర్సిటీ హాస్టల్లో చేరిన కొత్తలో మా పక్కగదిలో రాత్రుళ్లు ఒకటే వాదన. లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లండు రాక్ బృందం ఆల్బంలలో ఏది గొప్పది, రెండోదా నాలుగోదా? 1970 లండన్ కచేరీ మేలా, 1973 న్యూయార్క్ కచేరీ మేలా? వాదించేవాళ్లంతా కాన్వెంటు చదువులవాళ్లు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనే మొదలు. ఆ చర్చలో నోరు విప్పడానికి నా దగ్గరేముందని గుమ్మం దగ్గరే నిలబడి వినేవాణ్ణి.

ఒకరోజు నాలుగో ఆల్బంలోని చివరిపాట పెట్టారు, 'వెన్ ద లెవీ బ్రేక్స్'. మొదటి డ్రమ్ము దెబ్బకే ఒళ్లు ఝల్లుమంది. మా నాయన మంట దగ్గర డప్పు కాచుకుని తొలిదెబ్బ వేస్తే అట్లాగే ఉంటుంది. ఈ పాట ఎవరిదని అడిగాను. అట్టమీద బృందంలోని నలుగురి పేర్లతోపాటు ఐదో పేరుంది: మెంఫిస్ మిన్నీ. ఆమెవరంటే, "ఎవరో పాత సింగర్లే" అన్నారు. ఆ జవాబుతో నాకున్న పేచీయే ఈ వ్యాసం.

ఆ పాట గురించి అభిమానులకు తెలియనిది లేదు. హెడ్లీ గ్రేంజ్ అనే పాత బంగళాలో, మేడమెట్ల కింద డ్రమ్ములు పెట్టి, పైన మైకులు కట్టి ఆ శబ్దం పట్టారని చెప్తారు. కచేరీల్లో దాన్ని 1975లో కొద్దిసార్లే వాయించారని లెక్క చెప్తారు. 1971 నవంబరులో వచ్చిన ఆ ఆల్బం అమెరికాలోనే 2 కోట్లకు పైగా అమ్ముడయింది. ఇన్ని తెలిసిన నోళ్లలో ఒక్క ప్రశ్న మాత్రం వినపడలేదు. లెవీ అంటే కరకట్ట. ఆ కరకట్ట ఏ నదిది? అది తెగినప్పుడు దానిమీద ఉన్నదెవరు?

నది మిసిసిపీ. 1927 ఏప్రిల్ 21న గ్రీన్‌విల్ పట్టణానికి ఎగువన మౌండ్స్ ల్యాండింగ్ దగ్గర కట్ట తెగింది. నీళ్లు వచ్చేదాకా కట్టమీద ఇసుక బస్తాలు మోసింది నల్లవాళ్లే. తెల్లవాళ్లను పడవల్లో తరలించారు. వేలాది నల్లవాళ్లను మాత్రం ఆ కట్టమీదే ఉంచేశారు. పడవలు లేక కాదు. వీళ్లు ఒకసారి వెళ్తే మళ్లీ పత్తిచేలకు రారని భూస్వాముల భయం. తుపాకుల కాపలా పెట్టారు, ఒంటిమీద చీటీలు తగిలించారు, పనిచేస్తేనే తిండి అన్నారు. ఆ జూలైలో, రాత్రంతా పనిచేసి వచ్చిన ఒక నల్ల కార్మికుడు మళ్లీ పనికి రానన్నందుకు పోలీసు కాల్చి చంపాడు. వరద తగ్గాక వేలమంది ఉత్తరాది నగరాలకు వెళ్లిపోయారు.

ఇక్కడ మనవాళ్లకు ఒకమాట గుర్తు చెయ్యాలి. ఆ కట్ట తెగడానికి దాదాపు నెల ముందు, 1927 మార్చి 20న, మహద్‌లో అంబేడ్కర్ వేలమందితో చవదార్ చెరువు నీళ్లు తాగారు. అక్కడ నీళ్లలో ముంచినవాళ్లూ, ఇక్కడ నీళ్లు ముట్టనివ్వనివాళ్లూ ఒకరికొకరు తెలియదు. పద్ధతి మాత్రం ఒకటే. నీటికి ఎవరు దగ్గర ఉండాలో, ఎవరు దూరం ఉండాలో నిర్ణయించే హక్కు తమదేనన్నారు.

1929లో కాన్సాస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ దంపతులు ఈ పాట రికార్డు చేశారు. పాడింది జో. ఇద్దరూ గిటారు వాయించారు. మిన్నీ అసలు పేరు లిజ్జీ డగ్లస్. ఆడది గిటారు పట్టడమే వింతైన రోజుల్లో మగవాళ్లతో పోటీపడి వాయించింది. 1942 చివరి రాత్రి షికాగోలో ఆమె కరెంటు గిటారు వాయించగా విని కవి లాంగ్‌స్టన్ హ్యూస్ నల్లవాళ్ల పత్రిక 'షికాగో డిఫెండర్'లో రాశాడు. అదీ అభిమాని రాతే. కానీ ఆయన శబ్దంతో ఆగలేదు. గల్లాపెట్టె దగ్గర నవ్వకుండా డబ్బులు తీసుకునేవాళ్లు నల్లవాళ్లు కారని కూడా చూశాడు. ఇంగ్లండు కుర్రాళ్లు రాక్ మొదలుపెట్టడానికి ఇరవై ఏళ్ల ముందటి సంగతిది.

లెడ్ జెప్పెలిన్ దొంగలని తేల్చడానికి నేనిది రాయడం లేదు. ఆ డ్రమ్ములూ ఆ బరువూ వాళ్ల పనితనమే. మిన్నీ పేరు వేశారు కూడా. కానీ పాడిన జో పేరు వెయ్యలేదు. 1969లో వచ్చిన 'హోల్ లాటా లవ్' మీద మడ్డీ వాటర్స్‌కు పాటలు రాసిన విల్లీ డిక్సన్ పేరే లేదు. ఆయన 1985లో కోర్టుకు వెళ్లాడు. 1987లో రాజీ అయింది. పేరు ఉదారంగా ఎవరూ ఇవ్వలేదు, అడిగితే వచ్చింది. మిన్నీకి అడిగే ఓపిక కూడా మిగల్లేదు. పక్షవాతంతో, పేదరికంలో 1973లో చనిపోయింది. ఆ ఆల్బం అప్పటికే లక్షల్లో అమ్ముడుపోతోంది. ఆమె సమాధికి పేరు చెక్కిన రాయి పడింది 1996లో. గాయని బానీ రైట్ డబ్బులిచ్చింది. ఆమె కూడా మిన్నీ అభిమానే. అంటే అభిమానం తప్పు కాదు. ఎక్కడిదాకా వెళ్లి ఆగిపోతుందన్నదే ప్రశ్న.

మన దగ్గరా అంతే. పాట మనది, డప్పు మనది. కాసెట్టు అట్టమీద మాత్రం 'జానపదం' అని వేసేవాళ్లు. జానపదం అంటే అర్థం, రాసినవాళ్ల పేరు అడగొద్దని. మా నాయన దరువులు ఊళ్లో అందరికీ తెలుసు, ఏ కాగితంలోనూ ఆయన పేరు లేదు. ఆ దరువు ఆయనకు ఎవరు నేర్పారో నేనూ మొన్నటిదాకా అడగలేదు. అడిగితే మూడు తరాల పేర్లు చెప్పాడు. నోట్‌బుక్కులో రాసుకున్నాను.

విద్యార్థులారా, మీకిష్టమైన పాట ఏదైనా వినండి, గొంతెత్తి వాదించండి. ఆ తర్వాత ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు, మీ వాడలో డప్పు పట్టినవాళ్ల పేర్లు అడిగి రాసుకురండి. చరిత్ర అక్కణ్ణుంచే మొదలవుతుంది.