పాత తొట్టికి కొత్త పూత

తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోని హోసూరు, డెంకణికోట, శూలగిరి, వేపనపల్లి పల్లెల తెలుగిళ్లలో నీళ్లు పోసుకోవడానికి మూడు వస్తువులు చాలేవి: పొయ్యి మీద రాగి అండా, పక్కన చన్నీళ్లకు రాతి తొట్టి, చేతిలో చెంబు. మనిషి కాళ్లు చాపుకుని కూర్చునే బాత్‌టబ్ ఈ సీమకు చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చాక కూడా కొద్ది ఇళ్లకే చేరింది. అయితే నీళ్లు నిలిపే పాత్ర పాతబడినప్పుడు దాన్ని పారేయకుండా, ఒళ్లు గీకి, చిల్లు పూడ్చి, కొత్త పూత ఎక్కించి మళ్లీ వాడుకునే విద్య ఇక్కడివాళ్లకు తరతరాలుగా తెలుసు. ఇవాళ బెంగళూరు లాంటి నగరాల్లో పాత బాత్‌టబ్‌లకు మెరుగు పెట్టే పని ఆ విద్యకు కొనసాగింపే. సున్నం, రాయి, రాగి, ఇనుము, ప్లాస్టిక్ - ఇలా ఒక్కో దశలో పూత మారుతూ వచ్చింది. పూత వేసే మనిషికి ఎదురయ్యే ప్రమాదమూ మారింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనబడేది ఆ రెండో మార్పే.

నీరు ఇంకకుండా పూత వేయడం మన ఉపఖండంలో బాగా పాత పని. మొహెంజొదారో మహాస్నానఘట్టం సుమారు 4,500 ఏళ్ల కిందటిది. దాదాపు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతున్న ఆ కొలనుకు ఇటుకలను జిప్సం అడుసుతో దగ్గరదగ్గరగా పేర్చి, వెనక తారు పొర పెట్టారు. దక్షిణాదిలో ఆ పని సున్నం చేసింది. గానుగలో రుబ్బిన సున్నానికి కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి పూసే గచ్చు కోటలకూ కొలనులకూ ఒకటే. హంపీలో రాణి స్నానమందిరంగా పేరుపడిన కట్టడం ఇటుకా సున్నాలదే. గచ్చు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా మళ్లీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లిస్తుంది. అప్పుడు వదులైన పొరను చెక్కేయాలి, కింది ఒంటిని గరుకు చేయాలి, బాగా తడపాలి, ఆ తర్వాతే కొత్త పొర. నున్నటి పాత పొర మీదే కొత్తది పూస్తే అది పెచ్చులుగా ఊడిపోతుంది. ఎపాక్సీ రంగులు పట్టుకుని తిరిగే నేటి పనివాడికీ మొదటి పాఠం ఇదే.

విజయనగరం చివరి రోజుల్లో పెనుకొండ రాయలు కృష్ణగిరి చుట్టూ ఉన్న బారామహల్ సీమను జగదేవరాయలకు ఇచ్చారు. కృష్ణగిరికి దగ్గర్లోని జగదేవి ఊరు ఆయన పేరును ఇప్పటికీ మోస్తోంది. కృష్ణగిరి, రాయకోట లాంటి కొండకోటల్లో దండు బతికిందంటే బండల్లోని దొనల్లో నిలిచిన వాననీటి మీదే. దొనకు పూత అక్కర్లేదు. బండే దాని ఒళ్లు. కానీ పూడిక తీయాలి, పాచి గీకాలి, గట్టు నెర్రెలను సున్నంతో పూడ్చాలి. టిప్పు సుల్తాన్‌తో 1792లో జరిగిన శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహల్ ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. ఎగువనున్న హోసూరు ప్రాంతం 1799లో టిప్పు పతనం తర్వాత దాన్ని అనుసరించింది. కోటల్లో కాపలా తగ్గాక దొనలను పట్టించుకునే చేతులూ తగ్గాయి.

ఇళ్లలో నిలిచింది రాతి తొట్టి. ఈ సీమ అంతా రాయే. రాయి కొట్టి బతికే వడ్డెరల్లో చాలామంది తమిళనాడు, కర్ణాటక రాష్ట్రాల్లో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఒకే బండను తొలిచిన తొట్టి పశువులకు, నాలుగు పలకలు నిలబెట్టి అతుకుల్లో సున్నం కూరిన తొట్టి స్నానానికి. రాతి తొట్టి బాగుచేయడం తేలిక. అతుకు కారితే మళ్లీ సున్నం, అంచు విరిగితే ఉలితో సవరించడం, అంతే. రోళ్లకు, తిరగళ్లకు గంట్లు పెట్టే మనిషే ఆ పనీ చేసేవాడు. దీనికి వాసన లేదు, విషం లేదు. రాతి ధూళి మాత్రం ఉంది. జీవితాంతం రాయి కొట్టేవాళ్ల ఊపిరితిత్తులను అది తినేస్తుందని ఇప్పుడు వైద్యులు రూఢిగా చెబుతున్నారు. కృష్ణగిరి గ్రానైటును ఇప్పుడు వజ్రపు తీగలతో కోసి, అద్దంలా సానపట్టి పై దేశాలకు పంపుతున్నారు. ఇక్కడి ప్యారడైజో రకానికి విదేశాల్లో మంచి పేరుంది. అదే రాయి ఇంటి పెరట్లో తొట్టిగా మాత్రం దాదాపు మాయమైంది.

రాగి అండాది మరో కథ. కన్నడసీమలో నరక చతుర్దశి ముందురోజు స్నానపు హండెను చింతపండుతో తోమి, మెడకు సున్నపు చారలు దిద్ది, పూలు కట్టి నీళ్లు నింపుతారు. దానికి నీళ్లు నింపే పండగ అనే పేరుంది. తెల్లారి తలంటు ఆ నీళ్లతోనే. హోసూరు కన్నడసీమ సరిహద్దును ఆనుకునే ఉంది. ఏటా జరిగే ఆ తోముడు పండగే కాదు, పాత్రకు మరమ్మతు కూడా. చింతపండు పులుపు చిలుమును కరిగించి రాగిని బయటపెడుతుంది. ఎక్కడ పలచబడిందో, ఎక్కడ సన్న చిల్లి పడిందో ఆ రోజు కనబడుతుంది. కంచరి వచ్చి మాటు వేసి టంకం పెట్టేవాడు.

వంట గిన్నెలకైతే కళాయి తప్పనిసరి. ఆ పని తీరు చెప్పుకోదగ్గది. గిన్నెను బొగ్గుల మీద కాల్చి, లోపల నవాసాగరం చల్లితే తెల్లటి పొగతో లోహం మీది మురికి లేచిపోతుంది. తగరం 232 డిగ్రీల దగ్గరే కరుగుతుంది గనక కాలిన గిన్నెకు ముక్క తాకించి, దూదితో చుట్టూ తిప్పి రుద్దితే క్షణాల్లో వెండిలా మెరుపొస్తుంది. పులుసు రాగిని తాకకుండా కాపాడేది ఆ పలచని పొరే. అది అరుగుతుందని ఇల్లాలికి తెలుసు, మళ్లీ పూయించాలనీ తెలుసు. పూత వేయించుకోవడం ఇంటి ఖర్చుల్లో మామూలు పద్దు. పాత్ర పాడైందని ఎవరూ అనుకోలేదు.

ఆ పద్దును కొట్టేసింది స్టెయిన్‌లెస్ స్టీలు. 1980ల మొదట్లో సేలం ఉక్కు కర్మాగారం స్టెయిన్‌లెస్ రేకు తీయడం మొదలుపెట్టింది. కృష్ణగిరి, హోసూరు ప్రాంతాలు ఒకప్పుడు సేలం జిల్లాలోవే. 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కొత్తగా ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలోకి వెళ్లాయి. స్టీలుకు కళాయి అక్కర్లేదు. ప్లాస్టిక్ బకెట్టుకు మాటు పడదు. కళాయివాడి కేక వీధుల్లో వినబడడం తగ్గిపోయింది.

ఇక ఇనుప తొట్టి. హోసూరు పక్కన మత్తిగిరిలో 1824లో కంపెనీ సైన్యానికి గుర్రాలను సిద్ధం చేసే కేంద్రం పెట్టారు. ఇప్పటి పశువుల ఫారం దాని వారసత్వమే. గుర్రాలున్నచోట నీళ్ల తొట్లు లేకుండా కుదరదు. బాత్‌టబ్ చరిత్రలో మలుపు కూడా అలాంటి తొట్టి దగ్గరే వచ్చింది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో జాన్ మైకేల్ కోలర్ 1883లో పశువుల తొట్టి ఒకదాన్ని ఎర్రగా కాల్చి, దాని మీద ఎనామెల్ పొడి చల్లి, నాలుగు కాళ్లు తగిలించి స్నానపు తొట్టిగా అమ్మాడని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. ఆ దశాబ్దంలోనే డేవిడ్ డన్‌బార్ బ్యూక్ కూడా పోత ఇనుముకు ఎనామెల్ పట్టించే పద్ధతిని కనిపెట్టాడు. కార్ల పేరుగా మనకు తెలిసిన బ్యూక్ ఆయనే. ఎనామెల్ అంటే రంగు కాదు, గాజు. కొలిమిలో కరిగి ఇనుముతో ఒకటైపోతుంది. సరిగా చూసుకుంటే నూరేళ్లు నిలుస్తుంది.

మన దగ్గర బంగళాల్లో దొరలు చాలాకాలం రేకు తొట్లలోనే స్నానం చేశారు. నీళ్లు కాచి మోసుకొచ్చి పోసేది నౌకర్లు. గొట్టాల్లో నీళ్లు వచ్చేదాకా బరువైన ఇనుప తొట్టితో ప్రయోజనం లేదు. గొట్టాలు వచ్చాక కూడా అది క్లబ్బులకు, అతిథిగృహాలకు, కలిగినవాళ్ల ఇళ్లకు పరిమితమైంది.

స్వాతంత్ర్యం తర్వాత స్నానాల గది మారింది. కృష్ణగిరి నుంచి చెన్నై వెళ్లే దారిలోనే ఉన్న రాణిపేటలో 1952లో పారీ సంస్థ శానిటరీ సామాను తయారీ మొదలుపెట్టింది. 1970ల్లో హోసూరులో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. 1980 ప్రాంతంలో అశోక్ లేలాండ్, టీవీఎస్, 1987లో టైటన్ గడియారాలు. వాటితో అధికారులు, అతిథులు, హోటళ్లు వచ్చాయి. హోటళ్లతో బాత్‌టబ్ వచ్చింది. ఇవి ఎక్కువగా యాక్రిలిక్ తొట్లు. ప్లాస్టిక్ పలకను వేడిచేసి అచ్చులో పీల్చి, వెనక గాజునార పూసి గట్టిచేస్తారు. తేలిక, చవక. గీతలు పడడంలోనూ అంతే తొందర.

ఈ జిల్లా నీళ్లు వాటికి శత్రువులు. లోతైన బోరునీళ్లలో ఉప్పులు ఎక్కువ. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో ఫ్లోరైడు బెడద ఎంతటిదంటే, దానికోసమే జపాన్ రుణంతో హొగెనకల్ తాగునీటి పథకం కట్టి 2013లో ప్రారంభించారు. ఉప్పునీరు ఆరినచోటల్లా తెల్లటి పొర కడుతుంది. దాన్ని వదిలించడానికి బాత్రూం ఆసిడ్ పోస్తారు, ఇనుప పీచుతో రుద్దుతారు. ఎనామెల్ మెరుపు చచ్చేది, యాక్రిలిక్ మసకబారేది అక్కడే. నా లెక్కలో పాత తొట్లను పాడుచేసింది వాడకం కన్నా ఈ శుభ్రతే ఎక్కువ. నీళ్లు కలిపిన వెనిగర్ కాసేపు ఉంచి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలా పొర వదులుతుంది. చలువరాతి మీద మాత్రం అదీ వాడకూడదు.

కొత్త పూత వేసేటప్పుడు కొలిమి ఉండదు. బిగించిన తొట్టిని పెకలించి ఫ్యాక్టరీకి మోయడం జరిగే పని కాదు. 1940ల్లో ఎపాక్సీ బజారుకు రావడం, ఆ తర్వాత పాలీయురథేన్ రంగులు స్థిరపడడం వల్లే ఇంట్లోనే తొట్టికి పూత సాధ్యమైంది. పని వరుస ఇది: సబ్బు జిడ్డు పూర్తిగా పోయేలా కడగడం, పాత సీలెంటు తీయడం, పెచ్చులు లేచినచోట పుట్టీ నింపి ఎమరీ కాగితంతో సమం చేయడం, ఆసిడ్‌తో గానీ పట్టు ఇచ్చే ద్రావణంతో గానీ ఒంటిని సిద్ధం చేయడం, ప్రైమర్, ఆపైన గన్నుతో పలచని పొరలు, రెండు రోజులు ఆరబెట్టడం. హోసూరులో లారీలకు, కార్లకు పెయింటింగ్ చేసే షెడ్డులో కుర్రవాడికి ఇందులో తొంభై పాళ్లు తెలిసిన పనే. ఎపాక్సీ ఎండకు పచ్చబడుతుంది, అందుకే పై పొరగా యురథేన్ మేలు. ఏది వేసినా అది రంగే, గాజు కాదు. కొన్నేళ్లకు మళ్లీ వేయాలి. కొత్త తొట్టిలాగే శాశ్వతమని హామీ ఇచ్చేవాణ్ని నమ్మకండి. పోత ఇనుప తొట్టికి ఎన్నిసార్లు పూత వేయించినా దండగ కాదు. వెనక గాజునార చీలిన యాక్రిలిక్ తొట్టికి ఒక్కసారి కూడా దండగే.

ప్రమాదం పాత పూతను తీసేటప్పుడు. రంగు వదిలించే ద్రావకాల్లో చాలాకాలంగా మిథిలీన్ క్లోరైడు వాడుతున్నారు. డైక్లోరోమీథేన్ అన్నా అదే. దాని ఆవిరి గాలి కన్నా దాదాపు మూడు రెట్లు బరువు. తొట్టిలో కిందికి దిగి నీళ్లలా నిలుస్తుంది. పనివాడు గీకడానికి తల తొట్టిలోకే వంచుతాడు. కిటికీ మూసిన చిన్న గదిలో అది నిమిషాల్లో స్పృహ తప్పిస్తుంది, గుండె ఆపుతుంది. అమెరికాలో 2000 నుంచి 2011 దాకా బాత్‌టబ్ పనిలోనే 13 మంది ఇలా చనిపోయారని అక్కడి ప్రభుత్వ సంస్థ సీడీసీ 2012లో ప్రకటించింది. మామూలు గుడ్డ మాస్కు దీన్ని ఆపలేదు. ఆ దేశం 2019లో ఇంటి అవసరాలకు ఈ ద్రావకాల అమ్మకం ఆపింది. 2024లో చాలా పారిశ్రామిక వాడకాలనూ నిషేధించింది. మన దేశంలో రంగు కొట్లలో ఇది ఇంకా దొరుకుతూనే ఉంది. యురథేన్ రంగులోని ఐసోసైనేట్లు ఉబ్బసం తెప్పిస్తాయి. కళాయివాడు కనీసం చెట్టు కింద, ఆరుబయట కొలిమి పెట్టుకునేవాడు. నేటి పనివాడు తలుపు మూసిన గదిలో ఊపిరి పీల్చాలి.

ఇంట్లో పాత తొట్టి ఉంటే బాగుచేయించండి, పారేయవద్దు. పని మొదలుపెట్టే ముందు డబ్బా మీద పేరు చదవండి. మిథిలీన్ క్లోరైడు గానీ డైక్లోరోమీథేన్ గానీ కనబడితే ఒప్పుకోకండి, పాత పొరను తడిపి ఎమరీ కాగితంతో గీకమనండి. ఆలస్యమవుతుంది, కూలి కాస్త ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి. కిటికీ తెరిచి, గాలిని బయటికి తోసే ఫ్యాన్ పెట్టించండి. పనివాణ్ని ఒంటరిగా వదలకండి.