ఒక్క స్వరపు యంత్రం, నాలుగు గొంతుల పాట

క్రిస్మస్ కెరోల్స్‌లో చాలావాటిని చర్చి గాయక బృందాలు నాలుగు గొంతుల్లో పాడతాయి. సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్ వరుసలు కలిసి నడిస్తేనే వాటికి నిండుదనం. 1964లో అమెరికాలో రాబర్ట్ మోగ్, స్వరకర్త హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి రూపొందించిన మాడ్యులర్ సింథసైజర్ ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. నలుగురు కలిసి పాడే పాటను ఆ యంత్రం చేత పలికించాలన్న పట్టుదలే సింథసైజర్ క్రిస్మస్ సంగీతానికి మొదలు.

మాడ్యులర్ అంటే విడివిడి భాగాల కూర్పు. ఆసిలేటర్ నాదాన్ని పుట్టిస్తుంది, ఫిల్టర్ దాని పదును తగ్గించి పెంచుతుంది, ఆంప్లిఫయర్ అది ఎప్పుడు లేచి ఎప్పుడు అణగాలో చూస్తుంది. వీటిని ప్యాచ్ తీగలతో వాయించేవారే కలుపుకోవాలి. మోగ్ పద్ధతిలో వోల్టేజి ఒక వోల్టు పెరిగితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి వెళ్తుంది. గది వేడెక్కితే చాలు, శ్రుతి జారిపోయేది. తీగలు పీకేస్తే అంతవరకూ కుదిర్చిన నాదం పోయినట్టే, దాన్ని గుర్తుపెట్టుకునే ఏర్పాటు యంత్రంలో లేదు. అందుకే కెరోల్ వాయించాలంటే ముందు బాస్ వరుసను టేపు మీద ఒక ట్రాక్‌లో ఎక్కించి, టేపు వెనక్కి తిప్పి, దాన్ని వింటూ టెనర్‌ను మరో ట్రాక్‌లో ఎక్కించాలి. ఆ తర్వాత ఆల్టో, సోప్రానో. మధ్యలో శ్రుతి జారితే ఆ వరుస మళ్లీ మొదటికే.

ఇంత చాకిరీకి ఫలం ఉంటుందని లోకానికి చూపినవారు వెండీ కార్లోస్. 1968లో కొలంబియా సంస్థ విడుదల చేసిన ‘స్విచ్డ్-ఆన్ బాఖ్’లో బాఖ్ రచనలన్నీ ఇలా వరుస మీద వరుస పేర్చినవే. ఆ రికార్డు అమ్మకాలు చూసి మిగతా కంపెనీలూ మోగ్ వైపు పరుగు తీశాయి. మరుసటి ఏడాదికే క్రిస్మస్ రికార్డులు వచ్చేశాయి. 1969లో కొలంబియా నుంచే ‘ది మోగ్ మెషీన్’ పేరుతో ‘క్రిస్మస్ బికమ్స్ ఎలక్ట్రిక్’, పిక్‌విక్ నుంచి సై మాన్ ‘స్విచ్డ్ ఆన్ సాంటా’ వెలువడ్డాయి. ఇవి పండగ బేరం కోసం చేసిన రికార్డులే, కాదనలేం. అయినా వాటిని చిన్నచూపు చూడటం అన్యాయం. ఈ కొత్త యంత్రాన్ని సామాన్య శ్రోత ఇంట్లోకి తెచ్చిన వాటిలో అవీ ఉన్నాయి. అందరికీ తెలిసిన బాణీ కావడంతో వినేవారి చెవి పాటను పట్టుకోవడంలో అలిసిపోకుండా నేరుగా నాదం మీదికి వెళ్లేది.

క్రిస్మస్ సంగీతం ఈ యంత్రానికి పెట్టిన అసలు పరీక్ష గంట. వేణువు నాదంలో ఉపస్వరాలు మూలస్వరానికి రెండింతలు, మూడింతలుగా ఒక లెక్కలో ఉంటాయి. గంటలో ఆ లెక్క చెదిరిపోతుంది, అందుకే దాని మోతలో ఆ లోహపు కరకు. మామూలు ఆసిలేటర్‌కు అది చేతకాదు. ఇక్కడ అక్కరకొచ్చింది రింగ్ మాడ్యులేటర్. రెండు నాదాలు లోపలికి పంపితే అది వాటి పౌనఃపున్యాల మొత్తాన్ని, తేడాను బయటికిస్తుంది. 440, 300 హెర్ట్జ్‌లు ఇస్తే 740, 140 వస్తాయి. ఈ కొత్త జంట ఏ సంగీత లెక్కకూ లొంగదు. దానికి చటుక్కున లేచి మెల్లగా అణగే ఆకారం ఇస్తే వినేవారికి గంట కొట్టినట్టే ఉంటుంది. మంచుగాలి ఇంతకంటే సులువు. అన్ని పౌనఃపున్యాలూ కలగలిసిన ‘వైట్ నాయిస్’ను ఫిల్టర్‌లోకి పంపి, ఆ ఫిల్టర్‌ను నెమ్మదిగా తెరుస్తూ మూస్తూ ఉంటే ఈదురుగాలి వీస్తుంది.

ఒక్క స్వరపు చెర 1970లలో వీడింది. 1978లో డేవ్ స్మిత్ తెచ్చిన ప్రాఫెట్-5 ఒకేసారి ఐదు స్వరాలు పలికేది. కుదిర్చిన నాదాలను మైక్రోప్రాసెసర్ గుర్తుపెట్టుకునేది. మరుసటి ఏడాది పాల్ మెకార్ట్నీ వాద్యాలన్నీ తానే వాయించి చేసిన ‘వండర్‌ఫుల్ క్రిస్మస్‌టైమ్’లో వినిపించే ఆ ఉబికే నాదాలు ప్రాఫెట్-5వే. 1984 ఆగస్టులో, లండన్ స్టూడియోలో, జార్జ్ మైకేల్ ‘లాస్ట్ క్రిస్మస్’ను అలాగే ఒంటరిగా రికార్డు చేశారు. ఆయనకు తోడు నిలిచినవి రోలాండ్ జూనో-60, లిన్‌డ్రమ్ యంత్రం, స్లెడ్జి గంటలు. జూనోలో నాదం అనలాగే, అంటే మోగ్‌లోలాగే వోల్టేజితో నడిచే సర్క్యూట్ల నుంచి పుట్టేదే. ఆసిలేటర్లను నడిపేది మాత్రం డిజిటల్ గడియారం, కాబట్టి శ్రుతి జారదు. ఆ పాట బ్రిటన్‌లో క్రిస్మస్ వారపు మొదటి స్థానం అందుకోవడానికి 2023 దాకా పట్టింది.

అనలాగ్‌కు దెబ్బ 1983లో యమహా డీఎక్స్7 రూపంలో వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) డిజిటల్ పద్ధతితో అది గంటలను ఒక్క మీట నొక్కితే మోగించింది, పదహారు స్వరాలు ఒకేసారి పలికింది. పాత యంత్రాలు కారుచవకగా చేతులు మారాయి. వాటిని కొని దాచుకున్న అభిమానులే ఈ సంప్రదాయాన్ని నిలబెట్టారు. 1990ల నడుమ జర్మనీలో డీటర్ డోప్ఫర్ ‘ఏ-100’తో మొదలుపెట్టిన యూరోర్యాక్ పద్ధతి మాడ్యులర్‌ను మళ్లీ ఇంటి బల్ల మీదికి తెచ్చింది. ఒక్కో మాడ్యూల్ కొనుక్కుంటూ పోయే వీలుంది. విన్స్ క్లార్క్ లాంటి అనలాగ్ ప్రేమికుడు ఉన్న ఎరేజర్ బృందం 2013లో ‘స్నో గ్లోబ్’ అనే క్రిస్మస్ ఆల్బమ్‌నే చేసింది.

ఈ అభిరుచికి డిసెంబరు సెలవులు అతికినట్టు సరిపోతాయి. ప్యాచ్ కుదరాలంటే గంటలు పడుతుంది. తీగలు పీకకుండా రోజుల తరబడి అలాగే ఉంచుకోగలగాలి. పాత కెరోల్స్‌కు కాపీరైటు బెడదా లేదు. ఏ పాట ఎంచుకోవాలన్నదే మిగిలిన ప్రశ్న. తెలుగు చర్చిల్లోనూ పాడుకునే ‘సైలెంట్ నైట్’ 1818లో ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డోర్ఫ్‌లో గిటారు తోడుగా పుట్టిన పాట. దాని ప్రాణం ఊపిరిలో ఉంది. వోల్టేజి చేత ఆ ఊపిరి పట్టించాలంటే చేయి తిరిగి ఉండాలి. ఉక్రెయిన్ స్వరకర్త మికోలా లియోంటోవిచ్ ‘షెద్రిక్’ దారి వేరు. ఇంగ్లీషులో ‘కెరోల్ ఆఫ్ ది బెల్స్’ అయిన ఈ పాట 1916లో కీవ్‌లో మొదటిసారి వినిపించింది. నాలుగు స్వరాల చిన్న పలుకు ఒకటి మూడు మాత్రల గతిలో పాటంతా తిరుగుతూనే ఉంటుంది. స్వరాలను మెట్టు మెట్టుగా తానే తిప్పి తిప్పి వాయించే సీక్వెన్సర్‌లో దీనికి మాత్రకు రెండు మెట్ల చొప్పున ఆరు మెట్లు చాలు. అంటే మోగ్ కాలం నాటి ఎనిమిది మెట్ల సీక్వెన్సర్‌లోనూ రెండు మిగిలిపోతాయి. ఒకే సీక్వెన్సర్, ఒకే ఆసిలేటర్, ఒకే ఫిల్టర్ ఉన్న కొత్తవారు మొదలుపెట్టాల్సిన కెరోల్ ఇదే.