సముద్రములో ఓడ – మంచినీటిలో ఇంజను

ఓడ చుట్టు అంతులేని చల్లని నీరు ఉన్నది. లోపల ఇంజనులో నిప్పు రగులుచున్నది. ఆ నీటినే పంపుతో తోడి, ఇంజను చుట్టు త్రిప్పి, మరల సముద్రములోనికి వదలినచో సరిపోవునుగదా అని ఎవరికైనను తోచును. తొలితరము ఇంజనీర్లు చాలమంది చేసినదియు అదే. కాని నేటి పెద్ద ఓడలలో సముద్రపునీరు సిలిండర్ల దరికైనను పోదు. ఈ మార్పు వెనుక చిన్న రసాయనశాస్త్ర పాఠమున్నది.

రుడాల్ఫ్ డీజెల్ తన ఇంజనును ఊహించిన తొలినాళ్లలో దానిని చల్లబరచ నవసరమే లేదని తలచినాడు. ఇంధనములోని ఉష్ణము నీటిపాలు కాకుండ పనిగా మారవలెనని ఆయన ఆశయము. 1893లో జర్మనీలోని ఔగ్స్‌బర్గునందు పరీక్షించిన మొదటి ఇంజనుకు నీటితొడుగు లేదు. అనుభవము వేరుగా చెప్పినది. ఇంధనము మండునప్పుడు సిలిండరులోని వాయువుల ఉష్ణోగ్రత 1,500 డిగ్రీలు దాటును. పోత ఇనుము సుమారు 1,200 డిగ్రీల వద్దనే కరగును. అంతకు ఎంతో ముందే కందెన నూనె మాడిపోయి పిస్టను బిగిసిపోవును. కావున తరువాతి నమూనాలో సిలిండరు చుట్టు నీరు ప్రవహించు తొడుగును అమర్చినారు. 1897లో జరిగిన పరీక్షలో ఆ ఇంజను ఇంధనశక్తిలో సుమారు 26 శాతమును పనిగా మార్చినది. 1912లో కోపెన్‌హాగెన్‌లో నిర్మింపబడిన ‘సెలాండియా’, ఒక్కొక్కటి 1,250 అశ్వశక్తిగల రెండు డీజెల్ ఇంజనులతో బాంకాకునకు ప్రయాణము చేసినది.

ఉప్పునీటి చిక్కు ఆవిరి ఓడల నాటినుండియే తెలిసినది. బాయిలరులో సముద్రపునీటిని మరిగించగా అడుగున పెచ్చు కట్టెడిది. దానిని తప్పించుటకు ఇంగ్లండులో శామ్యూల్ హాల్ 1834లో ఒక కండెన్సరుకు పేటెంటు పొందినాడు. పనిచేసిన ఆవిరిని మరల మంచినీరుగా మార్చి బాయిలరునకే పంపుట అందలి కిటుకు. 1838లో అట్లాంటిక్ సముద్రమును దాటిన ‘సిరియస్’ ఓడలో అట్టి కండెన్సర్లు ఉండెడివి.

డీజెల్ ఇంజనులోను అదే కథ. ఒక కిలోగ్రాము సముద్రపునీటిలో సుమారు 35 గ్రాముల లవణములుండును. ఉప్పు, పటిక వంటివి నీరు వేడెక్కినకొలది ఎక్కువగా కరగునని మనకు తెలుసు. కాని కాల్షియమ్ సల్ఫేటు ఇందుకు భిన్నము. నీరు బాగుగ వేడెక్కినచో దాని ద్రావణీయత తగ్గి, అది లోహపు గోడకు పెచ్చుగా పట్టును. ఆ పెచ్చు ఉష్ణమును సులభముగ పోనీయదు. వెలుపల నీరు చల్లగనే ఉండును; లోపలి లోహము మాత్రము కాగి, తుదకు పగులును. నడిసముద్రములో సిలిండరు పగిలిన ఓడకు గాలివానలో దిక్కెవరు? అందుచేత ఉప్పునీటితో చల్లబరచు ఇంజనులలో నీటిని సుమారు 50 డిగ్రీలు దాటనిచ్చెడివారు కారు. తుప్పును అరికట్టుటకు జింకు పలకలను అమర్చెడివారు. ఇనుమునకు బదులు జింకు తాను కరగిపోవును. ఓడల అడుగున తాపిన రాగిరేకులను ఇట్టి ఉపాయముతోనే కాపాడవచ్చునని హంఫ్రీ డేవీ 1824లోనే చూపినాడు.

ఐతే అంత చల్లగా ఉంచుటయు మంచిది కాదని తరువాత తేలినది. 1946లో ‘ఆరిక్యులా’ అను టాంకరు ఓడలో జాన్ లాంబ్ చౌకయైన చిక్కని బాయిలరు నూనెతో డీజెల్ ఇంజనును నడిపి చూపినాడు. అట్టి నూనెలో గంధకము హెచ్చు. అది మండగా వచ్చు వాయువులు, సిలిండరు గోడ చల్లగానున్నచో నీటియావిరితో కలిసి గంధకామ్లముగా గోడపై దిగి దానిని తినివేయును. కావున గోడ వెచ్చగా ఉండవలెను; ఉప్పునీటితో అది సాధ్యము కాదు. ఇంజనుకు మంచినీరే శరణ్యమైనది.

నేటి పెద్ద ఇంజనులలో మంచినీరు మూసిన చుట్టులో తిరుగుచు 80 మొదలు 90 డిగ్రీల వేడితో వెలుపలికి వచ్చును. దాని వేడిని కూలరులో సముద్రపునీరు గ్రహించును. రెండు నీళ్లు పలుచని పలకలకు ఇరుప్రక్కల ప్రవహించును గాని కలియవు. ఈ పలకల కూలరును 1923లో రిచర్డ్ సెలిగ్మన్ పాలను శుద్ధిచేయుటకై రూపొందించినాడు. ఓడలలో దానికి ఉప్పునీటికి లొంగని టైటానియము పలకలు వాడుదురు.

ఇక సంరక్షణ. ఇంజనుకంటె ఎత్తుననున్న చిన్న తొట్టిలో నీటిమట్టమును నిత్యము చూడవలెను. మట్టము పడినచో ఎచటనో కారుచున్నదన్నమాట. నీటిలో చిక్కిన గాలిని వదలవలెను. ఇంజనును నడుపుటకు ముందు నీటిని వెచ్చజేయవలెను. ఆపిన పిదపను కొంతసేపు త్రిప్పవలెను. తుప్పు రాకుండ నైట్రైటు లవణములు కలుపుదురు. పూర్వము క్రోమేటులు వాడిరి గాని, అవి విషమగుటచే మానినారు. సముద్రపునీరు లోనికి చొరబడినదా అని తెలిసికొనుటకు క్లోరైడు పరీక్ష కలదు. మన పాఠశాల ప్రయోగశాలలో సిల్వర్ నైట్రేటు వేయగా వచ్చు తెల్లని అవక్షేపమే అక్కడను ఇంజనీరుకు అపాయమును తెలుపు గుర్తు.

మరి ఇంత మంచినీరు నడిసముద్రములో ఎచటినుండి వచ్చును? ఇంజను విడిచిన వేడితోనే, తక్కువ పీడనము వద్ద సముద్రపునీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి తీయుదురు. ఏ ఉష్ణము వ్యర్థము కారాదని డీజెల్ కోరినాడో, అందులో కొంత నేడు నావికుల దాహము తీర్చుచున్నది.