నీళ్ల కోసం కడితే పార్కులైన రంగూన్ చెరువులు

ఒకప్పటి రంగూన్, ఇప్పటి యాంగోన్‌లో సాయంత్రం షికారుకు బయల్దేరితే చివరికి తగిలేది ఏదో ఒక చెరువు గట్టే. బ్రిటిష్ వాళ్లు ఊరి దాహం తీర్చడానికి కట్టించినవే ఇవి. జనం పెరిగి ఒకటి చాలకపోయేసరికి ఇంకాస్త ఉత్తరానికి పోయి మరొకటి కట్టారు. పాతవి తోటలై, పడవ క్లబ్బులై మిగిలాయి.

ష్వేడగోన్ బంగారు గోపురం నీడ పడే కాండోజీని తెల్లదొరలు రాయల్ లేక్ అన్నారు. దాని పక్కనే 1906లో జంతు ప్రదర్శనశాల వెలిసింది. తూర్పు గట్టున రెండు పక్షి తలలతో కనిపించే కరవేక్ పాతకాలపు రాజనౌకలా ఉంటుంది. నిజానికి అది 1970ల్లో కట్టిన కాంక్రీటు భవనం, లోపల భోజనశాల. ఫొటోల్లో బాగానే ఉంటుంది కానీ, నాకైతే దాని వెనకున్న నీళ్లే నచ్చుతాయి.

ఇన్యా చెరువు 1882-83 నాటిది. గుట్టకీ గుట్టకీ మధ్య కట్టలు పోసి వానాకాలపు వాగుల్ని ఆపారంతే. అందుకే దాని ఒడ్డు తిన్నగా ఉండదు, వంకర్లు పోతుంది. ఆ వంకల్లో ఇప్పుడు గొడుగుల చాటున ప్రేమ జంటలు కూర్చుంటాయి. 1988 మార్చి 16న ఇదే గట్టు మీద, తెల్ల వంతెన దగ్గర, విద్యార్థుల ఊరేగింపును పోలీసులు చుట్టుముట్టి చితకబాదారు. నీళ్లలోకి దూకినవాళ్లలో కొందరు మునిగిపోయారు. యాంగోన్ వాసులు అప్పట్నుంచీ ఆ వంతెనను ఎర్ర వంతెన అంటారు.

ఈ నీళ్లు తాగిన ఊళ్లో 1931 నాటికి సగానికి పైగా భారతీయులే. మన కోస్తా జిల్లాల నుంచి ‘రంగం’ (రంగూన్) వెళ్లి రేవులో మూటలు మోసినవాళ్లు, రిక్షాలు లాగినవాళ్లు వేలల్లో ఉన్నారు. కోరంగి రేవు పేరుమీద అక్కడ వాళ్లందరూ ‘కోరంగీలే’. 1930 మేలో కూలి పెంచాలని సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మీయుల్ని పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక బర్మీయుల్ని పొమ్మన్నారు. ఆ చిచ్చు నెత్తుటి అల్లర్లకు దారితీసింది. రాయల్ లేక్ మీద తెడ్లు వేసిన బోట్ క్లబ్ దొరలకు అది వేరే ఊరి గొడవే అయ్యుంటుంది.

ఇన్యా కూడా చాలక 1904లో ఊరికి బాగా ఉత్తరాన హ్లోగా జలాశయం వచ్చింది. దాని పరీవాహక అడవిని 1982లో కంచె వేసి వన్యప్రాణి పార్కు చేశారు. కణుజులు, మొరిగే జింకలు తిరిగే ఆ చెట్ల కింద నుంచి పారిన వాన నీళ్లు నేటికీ యాంగోన్ కుళాయిల్లోకి చేరుతున్నాయి.