ఫైర్‌ప్లేస్: ఇంటి చలిమంట గూటి శైలుల చరిత్ర

చలి దేశాల ఇళ్లలో గోడలో గూడులా కట్టి, పైన పొగగొట్టం అమర్చి, కట్టెలో రాతిబొగ్గో మండించి గదిని వెచ్చగా ఉంచుకునే కట్టడం ఫైర్‌ప్లేస్. మంట నిలిచే అడుగునూ, దాని ముందు గదిలోకి పరిచే రాతి లేదా ఇటుక తిన్నెనూ కలిపి హార్త్ అంటారు. గూటి చుట్టూ బిగించే అలంకారపు చట్రం మ్యాంటెల్. నేడు ఇల్లు కట్టుకునేవారు కేటలాగులలో చూసి ఎంచుకునే శైలులలో ఎక్కువ భాగం 17 నుంచి 19వ శతాబ్దం లోపల ఇంగ్లండులోనూ అమెరికాలోనూ రూపుదిద్దుకున్నవే. వాటిని తీర్చిదిద్దడంలో అందం మీది మక్కువ కన్నా ఇంధనం, పొగ, పన్ను ఎక్కువ పాత్ర వహించాయి.

తొలి దశ

రోమన్లు నేల కింద వేడిగాలి పారించి గదులను వెచ్చబరిచేవారు. వారి సామ్రాజ్యంతో పాటే పశ్చిమ ఐరోపాలో ఆ విద్య కూడా మరుగున పడింది. మధ్యయుగపు ఇంగ్లండులో పెద్ద చావడి నడుమ నేల మీదే మంట వేసేవారు. పొగ పైకప్పులోని సందుల గుండా తనకు వీలైనప్పుడు పోయేది. కెంట్ ప్రాంతంలోని పెన్స్‌హర్స్ట్ ప్లేస్‌లో 1341 నాటి చావడి, దాని నట్టనడుమ ఎనిమిది పలకల హార్త్ ఇప్పటికీ ఉన్నాయి. మంటను గోడలోకి చేర్చినవి నార్మన్ కోటలు. అంతస్తుల మీద అంతస్తులు కట్టినప్పుడు నడిమంటకు చోటు లేకపోయింది. 12వ శతాబ్దపు కోటలలో గోడలో తొలిచిన గూళ్లు, వాటి నుంచి బయటికి పొగదారులు కనిపిస్తాయి.

తరువాత నాలుగు వందల ఏళ్లలో పొగగొట్టం దొరల కోటల నుంచి రైతుల ఇళ్లకు దిగివచ్చింది. ఊళ్లో ఈ మధ్య పొగగొట్టాలు ఎన్ని లేచాయో అని ముసలివాళ్లు ఆశ్చర్యపోతున్నారని ఆంగ్ల రచయిత విలియం హారిసన్ 1577లో రాశాడు.

హార్త్ పన్ను

1662లో రెండవ చార్లెస్ ప్రభుత్వం ప్రతి హార్త్‌కూ ఏడాదికి రెండు షిల్లింగుల పన్ను వేసింది. దాన్ని రెండు వాయిదాలలో వసూలు చేసేవారు. నిరుపేదలకు మినహాయింపు ఉండేది. లెక్క చూసే అధికారి ఇంట్లోకి వచ్చి గదిగదీ తిరిగేవాడు కాబట్టి జనం ఈ పన్నును మహా అసహ్యించుకున్నారు. కొందరు గూళ్లను ఇటుకలతో మూసేసుకున్నారు. విలియం, మేరీలు గద్దెనెక్కాక 1689లో దీన్ని రద్దు చేశారు. ఆనాడు ప్రజలను వేధించిన ఆ జాబితాలే ఇవాళ 17వ శతాబ్దపు ఇళ్ల గురించి చరిత్రకారులకు పెన్నిధి. ఏ ఊళ్లో ఎవరింట ఎన్ని మంటగూళ్లు ఉండేవో వాటిలో పేర్లతో సహా ఉంది.

అప్పటికే లండన్ చాలావరకు కట్టెల నుంచి రాతిబొగ్గుకు మారింది. కట్టె నేల మీద పరిచినా మండుతుంది. బొగ్గుకు కింది నుంచి గాలి ఆడాలి. అందుకని కాళ్లున్న ఇనుప జల్లెడ గూట్లోకి వచ్చింది. మొద్దులు పట్టేంత వెడల్పు ఇక అక్కరలేక గూడు చిన్నదైంది. పల్లెటూరి వెడల్పు ఇటుక గూడు, పట్టణపు ఇరుకు ఇనుప గూడు అన్న రెండు శైలులు విడిపోవడానికి కారణం ఇదే.

ఫ్రాంక్లిన్ పొయ్యి

ఫ్రాన్సులో నికొలస్ గోజే 1713లో మంటగూటి శాస్త్రం మీద ఒక పుస్తకం ప్రకటించాడు. దాన్ని చదివిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో 1740ల మొదట్లో పోత ఇనుప పలకలతో ఒక పొయ్యిని రూపొందించి, 1744లో దాన్ని వివరిస్తూ కరపత్రం అచ్చువేశాడు. పొగను ఒక గాలిపెట్టె చుట్టూ తిప్పి, కిందికి దించి, అప్పుడు పొగగొట్టంలోకి పంపాలన్నది అతని ఉపాయం. అక్కడి గవర్నరు పేటెంటు ఇస్తానన్నా వద్దన్నాడు. కరపత్రం చక్కగా ఉంది; పొయ్యి మాత్రం అంత చక్కగా పనిచేయలేదు. పొగ కిందికి దిగడానికి సుముఖంగా ఉండదు. తరువాతి వారు ఆ మలుపు తీసేసి నేరుగా పైకి గొట్టం పెట్టాకే అది బాగా నడిచింది. ఫ్రాంక్లిన్ పేరుతో చాలాకాలం అమ్ముడైనవి ఈ సవరించిన పొయ్యిలే.

రమ్‌ఫర్డ్ సంస్కరణ

ఫైర్‌ప్లేస్ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు బెంజమిన్ థామ్సన్ తెచ్చాడు. 1753లో మసాచుసెట్స్‌లోని వోబర్న్‌లో పుట్టిన ఇతడు అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ పక్షం వహించి దేశం విడిచాడు. బవేరియా పాలకుని కొలువులో చేరి సైన్యాన్ని సంస్కరించాడు, మ్యూనిక్‌లో ఇంగ్లిష్ గార్డెన్ వేయించాడు, బిచ్చగాళ్లకు పనీ తిండీ ఏర్పాటు చేశాడు. అక్కడే కౌంట్ రమ్‌ఫర్డ్ అనే బిరుదు పొందాడు. 1795లో లండన్ వచ్చి ఆ నగరపు పొగ చూసి మంటగూళ్ల మీద మనసు పెట్టాడు. మరుసటి ఏడు దాని మీద అతని వ్యాసం వెలువడింది.

అప్పటి గూడు లోతుగా, పక్క గోడలు సమాంతరంగా, పైన పొగదారి మనిషి పట్టేంత వెడల్పుగా ఉండేది. మంట వేడి చేసిన గది గాలి అంతా ఆ దారిన ఆకాశానికి పోయేది. గదిలో కూర్చున్నవారికి ముందు సెగ, వెనుక చలి. మంట గదికి ఇచ్చే వేడి ప్రధానంగా కిరణాల రూపంలోనే వస్తుందని రమ్‌ఫర్డ్ గ్రహించాడు. ఆ ఒక్క సంగతి పట్టుకుని గూటి కొలతలన్నీ మార్చాడు. వెనుక గోడను ముందుకు జరిపాడు. దాని వెడల్పు ముందరి వెడల్పులో మూడో వంతుకు తగ్గించాడు. పక్క గోడలను వెనుక గోడతో 135 డిగ్రీల కోణంలో విప్పాడు. గూటికి పైన, పొగదారి మొదలయ్యే గొంతును నాలుగు అంగుళాలకు కుదించాడు. ఆ గొంతు వెనుక ఒక మెట్టు వదిలాడు. పై నుంచి దిగే చల్లగాలి దానికి తగిలి ఆగిపోతుంది. గూటి లోపల ఇనుము వద్దని, ఇటుకో రాయో వాడి సున్నం పూయమని చెప్పాడు, తెల్లటి గోడ సెగను గదిలోకి తిప్పికొడుతుందని. గొంతు ఇరుకైతే పొగగొట్టం శుభ్రం చేసేవాడు ఎలా ఎక్కుతాడన్న ప్రశ్నకూ అతని దగ్గర జవాబుంది: ఊడదీసి మళ్లీ పెట్టుకునేలా ఒక పలక అమర్చాడు.

ఈ పద్ధతిలో మెచ్చదగినది దాని చవకదనం. ఉన్న గూట్లోనే తాపీమేస్త్రీ కొన్ని ఇటుకలు పేర్చి దీన్ని సాధించగలడు. కొత్త యంత్రం కొననక్కర్లేదు. పేటెంటూ లేదు. లండన్ పెద్ద ఇళ్లన్నీ తమ గూళ్లను ‘రమ్‌ఫర్డ్’ చేయించుకోవడం మొదలుపెట్టాయి. 1800లో జేమ్స్ గిల్‌రే రమ్‌ఫర్డ్ మంట ముందు కోటు వెనుక అంచులెత్తి వెచ్చబడుతున్నట్టు వ్యంగ్యచిత్రం గీశాడు. జేన్ ఆస్టిన్ నవల ‘నార్తాంగర్ ఆబీ’లో పాత మఠపు గూడు కోసం ఆశగా చూసిన కథానాయికకు రమ్‌ఫర్డ్ గూడు కనబడి నిరాశ కలుగుతుంది. అమెరికాలో థామస్ జెఫర్సన్ తన మాంటిచెల్లో భవనంలో ఇదే పద్ధతి వాడాడు. రమ్‌ఫర్డ్ 1799లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపనలో ముందు నిలిచాడు, ఆ తరువాత రసాయన శాస్త్రవేత్త లవోజియే వితంతువును పెళ్లాడి ఆమెతో పొసగక విడిపోయాడు, 1814లో పారిస్ దగ్గర మరణించాడు. పొడవైన, లోతు తక్కువ గూడు ‘రమ్‌ఫర్డ్ శైలి’గా నేటికీ అమెరికాలో కట్టిస్తున్నారు. బహిరంగ మంటగూళ్లలో గదికి వెచ్చదనం ఇవ్వడంలో దీన్ని మించినది లేదనే చెప్పాలి.

అలంకరణ

గూటి చుట్టూ చట్రం గది గొప్పతనానికి గుర్తుగా మారింది. 18వ శతాబ్దంలో వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ పాలరాతి మ్యాంటెళ్ల మీద సన్నని పూలదండలు, రోమన్ కలశాలు చెక్కించాడు. రోమ్‌లో చిత్రకారుడు పిరనేసి 1769లో మంటగూటి అలంకరణలకే ఒక చిత్రాల గ్రంథం ప్రచురించాడు. విక్టోరియా కాలంలో పోత ఇనుప గూళ్లు, రంగు పలకలు కర్మాగారాల నుంచి వరుసకట్టి వచ్చాయి. వాటి మీద కేటలాగులు తప్ప చెప్పుకోదగ్గ విశేషం తక్కువ. ఈ రెండు శతాబ్దాలలోనూ ఇంగ్లండులో పొగగొట్టాలు తుడిచినవారు చిన్నపిల్లలు. వారికి పెద్దయ్యాక వచ్చే క్యాన్సర్‌కు మసి కారణమని వైద్యుడు పర్సివల్ పాట్ 1775లో గుర్తించాడు. చట్టాలు పలుమార్లు వచ్చినా, 1875 చట్టంతో గాని ఆ దారుణం ఆగలేదు.

ఇరవయ్యో శతాబ్దం, తరువాత

అమెరికాలో వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఇంటికి మంటగూటినే గుండెకాయగా పెట్టి ప్లాను గీసేవాడు. 1930లలో పెన్సిల్వేనియాలో కట్టిన ఫాలింగ్ వాటర్ ఇంట్లో కొండరాయిని తొలగించకుండా దాన్నే హార్త్‌గా ఉంచేశాడు. ఇంగ్లండులో రచయిత జార్జ్ ఆర్వెల్ 1945 డిసెంబరులో బహిరంగ మంటను సమర్థిస్తూ పత్రికలో వ్యాసం రాశాడు. ఏడేళ్లకే, 1952 డిసెంబరులో, లండన్‌ను కమ్మిన పొగమంచు వేలమందిని బలితీసుకుంది. ఇళ్లలో మండే బొగ్గు అందుకు ముఖ్య కారణం. 1956 స్వచ్ఛ వాయు చట్టం పొగ నియంత్రణ మండలాలను ఏర్పరచింది. తరువాత గ్యాసు, విద్యుత్తు గూళ్లు, తలుపున్న ఇనుప పొయ్యిలు బహిరంగ మంట స్థానం ఆక్రమించాయి.

మన దేశంలో ఆంగ్లేయులు సిమ్లా, ఊటీ వంటి చల్లని ఊళ్ల బంగళాలలో ఫైర్‌ప్లేస్‌లు కట్టించుకున్నారు. తెలుగు మైదానాలకు వాటితో పని పడలేదు. కుంపటీ చలిమంటా సరిపోయాయి. అయితే పొగగొట్టం విద్య వంటింటికి తేవడంలో హైదరాబాద్‌కు గౌరవనీయమైన స్థానం ఉంది. అక్కడి ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు పొగగొట్టమున్న వంటపొయ్యిని రూపొందించి, 1953లో దానిమీద పుస్తకం వెలువరించాడు.

ఎంపిక

నేడు హార్త్‌ను నేలమట్టంగా గాని, కూర్చోను వీలుగా అడుగు, అడుగున్నర ఎత్తున గాని కడుతున్నారు. ఇటుక, స్లేటు, పాలరాయి, గ్రానైటు వాడుకలో ఉన్నాయి. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి ఎగుమతయ్యే బంగారు చుక్కల నల్లరాయి బ్లాక్ గెలాక్సీ కూడా వీటిలో ఒకటి. కట్టె లేదా బొగ్గు మండే చోట గ్రానైటును ఒకే పలకగా వేస్తే వేడికి పగిలే ప్రమాదం ఉంది. ముక్కలుగా కోసి, కింద కాంక్రీటు పోసి పరచాలి. ఇంగ్లండు నిబంధనల ప్రకారం హార్త్ మందం కనీసం 125 మిల్లీమీటర్లు, బహిరంగ మంటకు ముందు 500, పక్కలకు 150 మిల్లీమీటర్లు ఉండాలి. అమెరికా నమూనా నిబంధనలలో ఆరు చదరపు అడుగుల లోపు గూటికి ముందు 16 అంగుళాలు, పక్కలకు 8 అంగుళాలు చాలు. అంతకన్నా పెద్ద గూటికి 20, 12 అంగుళాలు. తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో 2016 నవంబరు నుంచి కొత్తగా కట్టే ఇళ్లలో కట్టెలు మండించే ఫైర్‌ప్లేస్‌లకు అనుమతి లేదు.