కెఫీన్, ఆందోళన: విశ్వవిద్యాలయ విద్యార్థులలో కాఫీ అలవాటు

విశ్వవిద్యాలయ విద్యార్థుల కాఫీ అలవాటుకూ, ఎడతెగని బెంగ, గుండెదడ, వణుకు, నిద్రలేమి రూపంలో కనబడే ఆందోళనకూ గల సంబంధాన్ని మనోవైద్యులు కొన్ని దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు. దీనికి మూలం కెఫీన్ అనే ఆల్కలాయిడ్, అంటే మొక్కలలో సహజంగా తయారయ్యే నత్రజనియుత పదార్థం. జర్మన్ రసాయనవేత్త ఫ్రీడ్‌లీబ్ ఫెర్డినాండ్ రుంగే, మహాకవి గోథే ఇచ్చిన కాఫీ గింజలను పరిశోధించి దీనిని 1819లో వేరుచేశాడు.

మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో పోగుపడే ఎడినోసిన్ అనే రసాయనం, నాడీకణాలపై తనకు తావిచ్చే గ్రాహకాలకు అంటుకొని మగత కలిగిస్తుంది. కెఫీన్ ఆ గ్రాహకాలను ఆక్రమించి ఎడినోసిన్ పనిని అడ్డుకుంటుంది కాబట్టి కాఫీ అలసటను తీర్చదు, తెలియకుండా చేస్తుంది, అంతే. పైగా అడ్రినలిన్ స్రావం పెరిగి, భయపడినప్పటి మార్పుల వంటివే శరీరంలో కలగడం వల్ల, పరీక్షల బెంగతో ఉన్న విద్యార్థికి ఏది కాఫీ ప్రభావమో, ఏది మనసులోని దిగులో తేల్చుకోవడం కష్టమవుతుంది. వైద్యులకూ ఈ చిక్కు తప్పదని అమెరికన్ మనోవైద్యుడు జాన్ గ్రీడెన్ 1974లోనే హెచ్చరించాడు.

విద్యార్థుల విషయంలో తరచు ఉదహరించేది ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో గిల్లిలాండ్, ఆండ్రెస్ జరిపి 1981లో ప్రకటించిన అధ్యయనం. కెఫీన్ ముట్టనివారికంటే మధ్యస్థంగానూ, అధికంగానూ తీసుకునేవారిలో ఆందోళన ఎక్కువగా ఉన్నట్టు, అధికంగా తీసుకునేవారు చదువులో వెనుకబడినట్టు అందులో తేలింది. అయితే ఇది సహసంబంధమే తప్ప కార్యకారణ నిరూపణ కాదు. చదువులో వెనుకబడ్డ బెంగతోనే రాత్రిళ్లు మేలుకొని ఎక్కువ కాఫీ తాగినవారూ ఆ లెక్కలోనే ఉంటారు. ప్రయోగాల ఆధారం బలంగా ఉన్నది మరొకచోట: భయోత్పాత రుగ్మత, అంటే హఠాత్తుగా తీవ్ర భయం ముంచెత్తే వ్యాధి ఉన్నవారికి దాదాపు 5 కప్పుల కాఫీకి సమానమైన కెఫీన్ ఇచ్చినప్పుడు సుమారు సగం మందికి ఆ భయం తిరిగివచ్చింది.

రక్తంలోని కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున 5 గంటలు పడుతుంది; కాలేయంలోని ఎంజైముల వేగాన్ని బట్టి ఇది మనిషికీ మనిషికీ మారుతుంది. నిద్రకు 6 గంటల ముందు తీసుకున్న 400 మిల్లీగ్రాములు సైతం గంటకు పైగా నిద్రను తగ్గించినట్టు 2013లో వెలువడిన ఒక ప్రయోగం చూపింది. ఆ నిద్రలేమి మరునాటి ఆందోళనను పెంచుతుంది, నిద్రలేమిని కప్పిపుచ్చడానికి మళ్లీ కాఫీయే కావలసివస్తుంది. విద్యార్థులకు అసలు ముప్పు ఈ వలయంలోనే ఉంది.

ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400, ఒక్కసారికి 200 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ హానికరం కాదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో తేల్చింది. కప్పులను లెక్కపెట్టినంత మాత్రాన ఈ మోతాదు తెలియదు: రోబస్టా గింజలో అరబికాకు దాదాపు రెట్టింపు కెఫీన్ ఉంటుంది, దక్షిణాదిన ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీలో అసలే ఉండదు.

అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటలలో తలనొప్పి, చిరాకు, ఏకాగ్రత లోపం మొదలవుతాయి కనుక, పరీక్షల ముందురోజు కాఫీ మానడానికి తగిన సమయం కాదు. కొన్ని వారాల ముందునుంచే కొద్దికొద్దిగా తగ్గించుకోవడం మేలు.